పింజారి ఇంటి బిడ్డ, బుర్రకథకు పెద్ద దిక్కు: పద్మశ్రీ నాజర్

మన ఊరి పేరులోనే ప్రత్తి ఉంది. ఆ ప్రత్తిని ఏకి, దూదిగా చేసి, పరుపులు కుట్టి బతికిన కులం దూదేకులవారు. వారినే పింజారులనీ అంటారు. అలాంటి ఒక పేద ఇంట్లో పుట్టిన షేక్ నాజర్ తెలుగునాడంతటా బుర్రకథను మారుమోగించారు. ఆయన పుట్టింది ఎక్కడో కాదు, మన గుంటూరు జిల్లాలోనే, తాడికొండ దగ్గరి పొన్నెకల్లులో, 1920 ఫిబ్రవరి 5న. ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి మా తోటి విద్యార్థులకు, పూర్వ విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పాలనుకున్నాము.

ఆకలితో నేర్చిన విద్య

నాజర్ ఇంట్లో పాట ఉంది కానీ తిండికి కరువే. ఆ పిల్లవాడి గొంతు విని గుర్తుపట్టినవారు హార్మోనిస్టు ఖాదర్ సాహెబ్. ఆయనే తల్లిదండ్రులను ఒప్పించి నాజర్‌ను బాలల నాటక సమాజంలో చేర్పించారు. రష్యా పల్లెల్లో పాటకు బయాన్ అనే అకార్డియన్ ఎలాగో, మన పల్లెల్లో పద్యనాటకానికి హార్మోనియం అలాగ. రెండింటిలోనూ తిత్తుల గాలికి లోహపు రేకులు అదిరి స్వరం పలుకుతుంది. ఆ హార్మోనియం శ్రుతిలోనే నాజర్ రంగస్థలం ఎక్కారు.

తర్వాత సంగీతం నేర్చుకోవడానికి నరసరావుపేట వెళ్ళారు. అక్కడ గురువు దొరికారు గానీ అన్నం పెట్టేవారు లేరు. ఇల్లిల్లూ తిరిగి అడుక్కొన్న అన్నంతో కడుపు నింపుకొని స్వరాలు సాధన చేశారు. గంట కొట్టగానే కంచం పట్టుకొని వరుసలో నిలబడే మనం ఈ ఒక్క విషయం మరచిపోకూడదు. ఆ రోజుల్లో పేద పిల్లవాడికి విద్య కావాలంటే ముందు మెతుకు వెతుక్కోవాలి.

బుర్రకథ అంటే ఏమిటి?

బుర్రకథకు ముగ్గురు కావాలి. నడుమ కథకుడు. ఆయన భుజాన తంబురా ఉంటుంది. దాని గుండ్రటి బుర్ర వల్లనే ఈ కథకు ఆ పేరు వచ్చిందంటారు. చేతి వేళ్ళకు అందెలు తొడుక్కొని వాటితో తాళం వేస్తూ, అడుగులు వేస్తూ కథ చెబుతాడు. అటూ ఇటూ డక్కీలు వాయించే ఇద్దరు వంతలు. కథకుడు పాడిన చరణానికి 'తందానా' అంటూ వంత పాడతారు. వారిలో ఒకరు హాస్యం చెప్పి నవ్విస్తారు. రెండోవారు కథను నేటి రాజకీయాలకు ముడిపెట్టి వ్యాఖ్యానం చేస్తారు. అంటే నవ్వు, పాట, వార్త మూడూ ఒకే వేదిక మీద. చదువురాని కూలివాడికి కూడా లోకం సంగతి తెలిసేది ఇలాగే.

జంగం కథగా భిక్ష కోసం ఊరూరా చెప్పుకొనే ఈ కళను 1940ల్లో ప్రజానాట్యమండలి ప్రజల సమస్యలు చెప్పే సాధనంగా మార్చింది. సోవియట్ వీరవనిత టాన్యా కథ కూడా మన తెలుగు పల్లెల్లో బుర్రకథగా వినిపించింది. 1943లో బెంగాల్‌లో కరువు వచ్చి లక్షల మంది ఆకలితో చనిపోయినప్పుడు నాజర్ 'బెంగాల్ కరువు' కథ చెప్పారు. ఆకలిని స్వయంగా ఎరిగిన గొంతు కనుకనే ఆ కథ జనం గుండెల్లోకి సూటిగా వెళ్ళింది.

ఆయన స్వయంగా రచించిన 'పల్నాటి యుద్ధం', సుంకర సత్యనారాయణ రాసిన 'అల్లూరి సీతారామరాజు' ఎంతో పేరు తెచ్చాయి. సంగీతం, అభినయం, పద్యం, వచనం అన్నీ తెలిసిన మనిషి కావడం వల్ల వీరం చెబుతూనే క్షణంలో కరుణలోకి దిగగలిగేవారు. పుట్టిల్లు (1953), అగ్గిరాముడు (1954) చిత్రాల్లోనూ ఆయన కళ కనిపిస్తుంది. అగ్గిరాముడులో చెప్పిన అల్లూరి బుర్రకథ వల్ల, ఊరిలో ఆయనను చూడనివారు కూడా తెర మీద చూశారు.

పేరు దాచుకోని మనిషి

1986లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఆయన చెప్పగా అంగడాల వెంకటరమణమూర్తి ఆత్మకథ రాశారు. దానికి పెట్టిన పేరు 'పింజారి'. నలుగురూ చులకనగా పిలిచే మాటనే పుస్తకం అట్ట మీద పెద్ద అక్షరాలతో వేయించుకోవడం చిన్న విషయం కాదు. కొత్త చోటికి పోయినప్పుడు కులం పేరు, హాస్టల్ పేరు చెప్పడానికి నోరు తడబడే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆ అట్ట ఒక్కటే పెద్ద పాఠమని మా నమ్మకం.

నాజర్ 1997 ఫిబ్రవరిలో కన్నుమూశారు. టీవీలు, సినిమాలు వచ్చాక రాత్రంతా కూర్చొని కథ వినేవారు తగ్గిపోయారు. అయినా ఆరోగ్యం, అక్షరాస్యత వంటి విషయాలు చెప్పడానికి బుర్రకథ ఉపయోగపడుతూనే వచ్చింది. ఒక తంబురా, రెండు డక్కీలు, ముగ్గురు స్నేహితులు ఉంటే చాలు. పెద్ద ఖర్చేమీ లేదు. వచ్చే వార్షికోత్సవానికి సినిమా పాటకు డ్యాన్సుతో పాటు మన బడి కథో, మన మిరప చేల కూలీల కథో బుర్రకథగా కట్టి చెబుదాం. కథ కట్టడం వచ్చిన పూర్వ విద్యార్థులు ఒక్క ఆదివారం వచ్చి నేర్పితే, వంత పాడడానికి మేము సిద్ధం.