మార్గములకు ముద్రలు: రూట్ టార్గెట్

గుంటూరు మిర్చి యార్డు నుండి పోవు ఒకే లారీలో పలువురు వ్యాపారుల టిక్కీలు ఉండవచ్చును. లారీ ఒకటే అయినను, టిక్కీ మీది గుర్తును బట్టి ఎవరి సరకు వారికి చేరును. ఒక టెలిఫోను కంపెనీ వేసిన గాజుతీగలపై పలు బ్యాంకుల, కార్యాలయముల సమాచారము ఒకదానితో నొకటి కలియకుండ నడచుటయు నిట్టిదే. ఈ ఏర్పాటునకు ఎం.పి.ఎల్.ఎస్. వి.పి.ఎన్. అని పేరు. దీనిని 1999లో ఎరిక్ రోజెన్, యాకోవ్ రెఖ్తర్ అనువారు వివరించి ప్రకటించిరి.

కంపెనీ జాలము అంచున నుండు రౌటరులో ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క ప్రత్యేక పట్టిక యుండును. ఒంగోలులో ఒక బ్యాంకు శాఖ తెరచినదనుకొందము. అచటి రౌటరు “ఈ శాఖకు చేరు మార్గమిది” యని తక్కిన అంచు రౌటర్లకు చాటును. ఆ చాటింపునకు 65000:10 వంటి ముద్ర యొకటి తగిలించును. 64 బిట్ల ఈ ముద్రయే రూట్ టార్గెట్. గుంటూరు రౌటరులోని ఏ పట్టిక తన దిగుమతి జాబితాలో ఈ ముద్రను కలిగి యుండునో, ఆ పట్టిక మాత్రమే మార్గమును స్వీకరించును. ముద్ర వేయుట ఎగుమతి, చూచి తీసికొనుట దిగుమతి. ఇవి మన యార్డుకు పరిచయమైన మాటలే!

ముద్ర యుండునది చాటింపు మీద. సరకు మీద కాదు. సమాచారపు పొట్లము మీద నుండునవి లేబుళ్లను వేరు సంఖ్యలు. మరియొక భ్రమ కూడ కలదు. రెండు సంస్థలును 10.1.1.0 అను చిరునామానే వాడుకొనుచుండవచ్చును. అవి దారిలో ఒకటిగా కనబడకుండుటకు రూట్ డిస్టింగ్విషర్ అను 64 బిట్ల సంఖ్యను ముందు చేర్తురు. అది వేరుపరచును, అంతే. ఎవరికి పంచవలెనో చెప్పునది రూట్ టార్గెటే.

2025 మే 1న గుంటూరు కేంద్రముగా గల చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు, ప్రకాశం జిల్లాలో పనిచేయు ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు, మరి రెండింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా నేర్పడినవి. ఇట్లు ఏకమగు సంస్థలు ఒకే కంపెనీ జాలముపై నున్నచో, క్రొత్త తీగలు వేయ నక్కరలేదు. ఒకరి ముద్రను మరియొకరి దిగుమతి జాబితాలో చేర్చిన చాలును. ఇరువైపుల చేర్చవలెను సుమా! ఒకవైపే చేర్చిన, ప్రశ్న పోవును గాని జవాబు తిరిగి రాదు. అంతకన్న చిక్కు వేరొకటి: ఇద్దరికిని 10.1.1.0 ఉన్నచో, ఒకే పట్టికలోనికి వచ్చిన పిమ్మట సాధారణముగ నొకటియే నిలుచును, రెండవ శాఖ మూగవోవును. కావున ముందు చిరునామాలు మార్చుకొనవలెను.

ముద్రలో ఒక్క అంకె తప్పినను పరాయివారి మార్గము మన పట్టికలోనికి రావచ్చును. రూట్ టార్గెట్ తాళము కాదు. సమాచారమును అది గుప్తలిపిగా మార్చదు. ఆ పని వేరుగా చేసికొనవలసినదే.