మాత్రలు ఆపేయమన్నదెవరు?

బరువు తగ్గే సర్జరీ చేయించుకున్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తిరుగుతోంది. "ఆరు నెలలు వేసుకుంటే చాలు. ఆ తర్వాత ఇచ్చే మాత్రలన్నీ హాస్పిటల్ వాళ్ల వ్యాపారం. మంచి తిండి తింటే ఏ విటమినూ అక్కర్లేదు." ఈ మాట చెప్పేది పగవాళ్లు కాదు. మనకంటే ముందు ఆపరేషన్ చేయించుకుని ముప్పై నలభై కిలోలు తగ్గినవాళ్లే, మన మేలు కోరే చెబుతారు. అందుకే కొత్తవాళ్లు నమ్మి ఆపేస్తారు. ఆపిన మర్నాడు ఏమీ కాదు, నెలకీ ఏమీ కాదు. దాంతో ఆ సలహా నిజమేననిపిస్తుంది. ఏడాదికో రెండేళ్లకో అరికాళ్లలో తిమ్మిర్లు మొదలై, చీకట్లో నడిస్తే అడుగు ఎక్కడ పడుతోందో తెలియని స్థితి వచ్చేసరికి దానికీ సర్జరీకీ సంబంధం ఉందని ఇంట్లో ఎవరికీ తట్టదు.

ఈ సర్జరీ చుట్టూ ఉన్న మిగతా అపోహలన్నీ కలిపినా ఇంత నష్టం చేయడం లేదు. కాబట్టి ముందు దీని సంగతి తేల్చాలి.

"మంచి తిండి" వాదన వినడానికి బాగుంటుంది. కానీ ఆ తిండిని ఒంటికి పట్టించే ఏర్పాటునే సర్జరీలో మార్చేశారు కదా! స్లీవ్ రకం సర్జరీలో కడుపు సంచిని ముప్పాతిక భాగానికి పైగా కోసి తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం. బైపాస్ రకంలో పైన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి చేసి, దాన్ని నేరుగా చిన్నపేగులో కిందికి కలుపుతారు. పేగు మొదటి భాగాన్ని తిండి తాకనే తాకదు. ఐరన్, కాల్షియం ప్రధానంగా ఒంటపట్టేది ఆ మొదటి భాగంలోనే. ఇక బి12కి కడుపు పొరల్లో ఊరే ఆమ్లం కావాలి, ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రొటీనూ కావాలి. సర్జరీ తర్వాత ఈ రెండూ చాలినంత అందవు. పైగా తినేదే మునుపటిలో పావు వంతు. తోటకూర, మునగాకు, లివర్ ఫ్రై ఏది తిన్నా మంచిదే, తినండి. కానీ అవి మాత్రకు బదులు కావు.

మరి ఆపిన వెంటనే ఎందుకు తెలియదు? బి12 కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది. అది కరుగుతున్నంతకాలం మనిషి మామూలుగానే తిరుగుతాడు. కాల్షియం సంగతి ఇంకా మోసం. రక్తంలో తగ్గగానే పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి లాగి భర్తీ చేస్తుంది. రిపోర్టులో కాల్షియం నార్మల్ అని వస్తుంది, ఎముక మాత్రం లోలోపల గుల్లబారుతుంది. అందుకే ఒక్క కాల్షియం పరీక్ష చూసి సంతోషపడకూడదు, పారాథైరాయిడ్ హార్మోన్, విటమిన్ డి కూడా చూడాలి. ఐరన్ తగ్గినప్పుడు కొందరికి పచ్చి బియ్యం బొక్కాలని, బలపాలు కొరకాలని, ఐస్ నమలాలని తహతహ పుడుతుంది. ఇంట్లోవాళ్లు దాన్ని చిన్నపిల్లల అలవాటని కసురుతారు. అది హీమోగ్లోబిన్ పరీక్షకు పిలుపు.

తిన్నది ఒంటబట్టకపోతే ఏమవుతుందో ఈ నేల ఎప్పుడో చూసింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు స్ప్రూ వ్యాధితో అన్నదమ్ములను పోగొట్టుకున్నారు, తానూ ఆ జబ్బు పడి లేచారు. పేగు పోషకాలను పీల్చుకోలేకపోవడమే ఆ జబ్బు. ఆయన నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల బృందం 1940లలో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఈరోజు మీరు డస్ట్‌బిన్‌లో పడేస్తున్న అట్టలో ఆ ఫోలిక్ యాసిడ్ ఉంది.

అన్నిటికంటే తొందరగా దెబ్బతీసేది మాత్రం థయమిన్, అంటే బి1. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించదు. 1835లోనే మాల్కమ్‌సన్ అనే మద్రాసు సైనిక వైద్యుడు ఉత్తర సర్కారుల్లో, అంటే మన కోస్తా జిల్లాల్లో, సిపాయిల కాళ్లు పడగొడుతున్న బెరిబెరి గురించి పుస్తకమే రాశాడు. ఆ జబ్బుకు కారణం థయమిన్ లోపమని తేలింది చాలా తర్వాత. పాలిష్ పట్టిన తెల్లబియ్యంలో అది అంతంతమాత్రమే. సర్జరీ తర్వాత మొదటి మూడు నెలల్లో వాంతులు పట్టుకుని వారం పది రోజులు తిండి నిలవకపోతే ఉన్న కాస్తా ఖర్చయిపోతుంది. మాట తడబడటం, ఒకటి రెండుగా కనిపించడం, కళ్లు అదరడం, నడకలో తూలడం, ఏ రోజో గుర్తులేకపోవడం దీని లక్షణాలు. దీన్ని వెర్నికే ఎన్‌సెఫలోపతి అంటారు. గంటల్లో వైద్యం అందితే కోలుకుంటారు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు.

ఇక్కడే మన ఊళ్ల అలవాటొకటి ప్రాణం మీదికి తెస్తుంది. వాంతులు, నీరసం అనగానే దగ్గర్లోని ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించుకుంటాం. థయమిన్ అడుగంటిన ఒంట్లోకి వట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే, దాన్ని వాడుకోవడానికి మిగిలిన ఆ కాస్త థయమిన్ కూడా హరించుకుపోతుంది. మెదడు దెబ్బతినడం అప్పుడే మొదలుకావచ్చు. గ్లూకోజ్ కంటే ముందు, కనీసం దానితోపాటు, థయమిన్ ఇంజెక్షన్ పడాలి. ఈ ఒక్క వాక్యం సర్జరీ చేయించుకున్నవాళ్ల భర్తకో భార్యకో తల్లికో కంఠతా రావాలి. రోగి తానుగా చెప్పే స్థితిలో ఉండకపోవచ్చు. రెండు రోజులు వరసగా వాంతులైతే ఊళ్లో బాటిల్ కాదు, సర్జరీ చేసిన బృందానికి ఫోను.

మాత్రలు వేసుకోవడమంత తేలికైన చికిత్సను జనం ఎందుకు వదిలేస్తున్నారు? ఖర్చొక కారణం. ప్యాకేజీ ధర చెప్పేటప్పుడు ఆపరేషన్ ఖర్చే చెబుతారు, జీవితాంతం నెలనెలా అయ్యే మందుల ఖర్చు చెప్పేవాళ్లు తక్కువ. అది ముందే అడిగి తెలుసుకోవాల్సిన లెక్క. కానీ అంతకంటే పెద్ద కారణం దాపరికం. పెళ్లి సంబంధాలు చూస్తున్నారనగా అమ్మాయికి సర్జరీ చేయిస్తారు. చుట్టాలకు హెర్నియా అనో, గాల్‌బ్లాడర్ అనో చెబుతారు. పెళ్లవుతుంది. అత్తారింట్లో రోజూ నాలుగు రకాల మాత్రలు వేసుకుంటే "ఏం జబ్బమ్మా?" అని అడుగుతారన్న భయంతో డబ్బా పుట్టింట్లోనే ఉండిపోతుంది. ఆరు నెలలకు నెల తప్పుతుంది.

ఇది ఆ పిల్ల చేసిన తప్పు కాదు, ఆ రహస్యాన్ని ఆమె మీద మోపిన పెద్దలది. బరువు వేగంగా తగ్గుతున్న 12 నుంచి 18 నెలలపాటు గర్భం వద్దని చెప్పేది తల్లీబిడ్డలిద్దరికీ పోషకాలు చాలవు కాబట్టే. పైగా "సర్జరీ అయితే పిల్లలు పుట్టరు" అని ఇంకో పుకారు. జరిగేది దానికి తలకిందులు. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో బరువు తగ్గగానే అండం విడుదల మళ్లీ క్రమంలో పడి, అనుకోకుండానే గర్భం వస్తుంది. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్రలు నమ్మకంగా పనిచేయకపోవచ్చు, వేరే పద్ధతి అడగాలి. గర్భం వచ్చాక గైనకాలజిస్టుకు విషయం దాస్తే ఇంకో చిక్కుంది. మన దగ్గర గర్భిణులందరికీ 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి షుగర్ పరీక్ష చేయడం మామూలు. బైపాస్ అయినవాళ్లకు అది పడదు. చెమటలు, గుండెదడ, కళ్లు తిరగడం మొదలవుతాయి. వేరే విధంగా పరీక్షించాలని డాక్టరుకు తెలియాలంటే చెప్పాలి కదా! రెటినాల్ రూపంలో విటమిన్ ఎ ఉన్న మాత్రలను గర్భంలో మార్చాల్సి ఉంటుంది. అదీ చెబితేనే తెలిసేది.

మిగతా అపోహల్లో చాలావాటికి ఒక్కో మాట చాలు.

ఈ సర్జరీ కొవ్వు పీల్చేసే ఆపరేషన్ కాదు. 2015లో నటి ఆర్తీ అగర్వాల్ మరణించినప్పుడు వార్తల్లో వచ్చింది లైపోసక్షన్ గురించి. దానికీ దీనికీ పోలిక లేదు.

"బల్ల మీదే పోతారు" అనేవారికి: నెల రోజుల్లోపు మరణాలు వెయ్యికి ఒకటి నుంచి మూడు. ఏ పెద్ద ఆపరేషన్‌కైనా ఉండే ముప్పే ఇది.

"సోమరులు వెతుక్కునే దారి" అనేవాళ్లతో వాదన అనవసరం. ఆకలిని పెంచే ఘ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా ఊరేది కడుపు పై భాగంలోనే. దాన్ని సంకల్పబలంతో గెలవమనడం క్రూరత్వం.

"షుగర్ శాశ్వతంగా పోతుంది" కూడా అబద్ధమే. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ నడిపిన స్టాంపీడ్ అధ్యయనంలో అయిదేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) ఆరు లేదా అంతకంటే తక్కువగా ఉన్నవారు బైపాస్ తర్వాత 29 శాతం, స్లీవ్ తర్వాత 23 శాతం. ఒక్క మందులతోనే నెట్టుకొచ్చినవారిలో 5 శాతం. గొప్ప మేలే, గ్యారంటీ కాదు.

జుట్టు మూడో నెల నుంచి ఊడుతుంది, చాలామందికి ఏడాదిలోపు తిరిగి వస్తుంది. ఆ భయంతో నూనెలకు పెట్టే డబ్బు ప్రొటీన్ మీద పెట్టండి.

"ఎంత తగ్గినా మళ్లీ లావవుతారు" అనే మాటను మాత్రం పూర్తిగా కొట్టేయలేను. అందులో కొంత నిజముంది, ఒప్పుకోక తప్పదు. అతి తక్కువ బరువుకు చేరేది ఏడాదిన్నర, రెండేళ్లలో. ఆ తర్వాత కొంత తిరిగి రావడం చాలామందిలో జరుగుతుంది, కొద్దిమందిలో ఎక్కువే వస్తుంది. సంచి చిన్నదే కానీ ఐస్‌క్రీం, మిల్క్‌షేక్, కారప్పూస, చిప్స్ దానికి అడ్డం లేకుండా జారిపోతాయి. మద్యం కూడా అంతే. బైపాస్ తర్వాత అది రక్తంలోకి త్వరగా ఎక్కుతుంది, వ్యసనంగా మారే ముప్పూ పెరుగుతుంది. అయినా పాత బరువుకు పూర్తిగా చేరేవాళ్లు తక్కువే. 1987లో మొదలై ఏళ్ల తరబడి సాగిన స్వీడన్ అధ్యయనంలో సర్జరీ చేయించుకున్నవారిలో మరణాలు మామూలు చికిత్స పొందినవారికంటే తక్కువని తేలింది. అయిదు కిలోలు పెరిగాయని సిగ్గుపడి ఫాలోఅప్‌కు వెళ్లడం మానేయడమే అసలు ప్రమాదం. ఇప్పుడు టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు మన దేశంలో దొరుకుతున్నాయి. పెరిగిన బరువుకు వాటిని వాడవచ్చేమో డాక్టరును అడగండి. సర్జరీకి ముందే వాడుతుంటే మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి, కడుపు ఖాళీ కావడాన్ని అవి ఆలస్యం చేస్తాయి.

సర్జరీకి సిద్ధమవుతున్నవాళ్లలో ఇంకో దురలవాటు చూస్తున్నాను. ఇక జీవితంలో తినలేమని, తేదీ ఖరారయ్యాక రోజుకో బిర్యానీ లాగిస్తారు. ఫ్యాటీ లివర్‌తో ఉబ్బిన కాలేయం సరిగ్గా కడుపు మీదే పడుకుని ఉంటుంది, సర్జన్ దాన్ని పక్కకు జరిపి పనిచేయాలి. రెండు వారాలు పిండిపదార్థాలు, కొవ్వు తగ్గించి తినమనేది ఆ కాలేయాన్ని కుదించడానికే. సిగరెట్, గుట్కా కనీసం ఆరు వారాల ముందే మానాలి. గురక ఉంటే నిద్ర పరీక్ష, కడుపుకు ఎండోస్కోపీ చేయించాలి. బి12, విటమిన్ డి, ఐరన్ లోపాలను ముందే సరిచేసుకోవాలి. మనలో చాలామందికి అవి సర్జరీకి ముందు నుంచే తక్కువ. ఇన్సూరెన్స్‌కు బీఎంఐ కనీసం 40 ఉండాలి, లేదా కనీసం 35 ఉండి షుగర్ అదుపులో లేకపోవడం, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, గుండె జబ్బుల్లాంటివి ఉండాలి. వాటి కాగితాలు ముందే కూర్చుకోండి.

తర్వాతి రోజులకు: రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్. మొదట్లో పప్పుకట్టు, పల్చటి మజ్జిగ, ఆ తర్వాత గుడ్డు, చేప, పనీర్. రాగిజావ మంచిదే కానీ ప్రొటీన్‌కు లెక్క కాదు. ముద్దకూ నీళ్లకూ మధ్య అరగంట తేడా. కాల్షియం సిట్రేట్ రూపంలో రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, రెండు మూడు దఫాలుగా. ఐరన్‌కూ దానికీ రెండు గంటల ఎడం. నోటితో వేసుకునే బి12 చాలకపోతే నెలకో ఇంజెక్షన్. మోకాళ్ల నొప్పికని డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ ముట్టుకోవద్దు. ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకు కుట్టు దగ్గర పుండు పడి రక్తస్రావం కావచ్చు. షుగర్, బీపీ మందులు మీ అంతట మీరు ఆపొద్దు. అలాగని పాత మోతాదే కొనసాగించొద్దు, మొదటి వారం నుంచే వాటిని తగ్గించాల్సి రావచ్చు.

రక్తపరీక్షలు 3, 6, 12 నెలలకు, ఆపైన ఏటా. డిశ్చార్జి సమ్మరీ ఫొటో మీ ఫోన్‌లోనూ, ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ ఉండాలి. ఏ సర్జరీ, ఏ తేదీ, ఏ సర్జన్ అన్నది ఏ ఊళ్లో ఏ డాక్టరు దగ్గర కూర్చున్నా మొదట చెప్పాల్సిన మాట. మాత్రలు ఇప్పటికే ఆపేసి ఉంటే ఈ వారమే పరీక్ష చేయించి మళ్లీ మొదలుపెట్టండి. తిమ్మిర్లు ఉంటే నరాల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ సమ్మరీ వెంట తీసుకెళ్లండి.