బోదకాలు: నింద నీళ్లది, నేరం దోమది

‘‘కోనసీమ నీళ్లు తాగితే బోదకాలు వస్తుంది.’’

గోదావరి డెల్టా మీద ఎప్పటినుంచో ఉన్న నింద ఇది. పిల్లనివ్వడానికి వెనకాడేవాళ్లూ, బదిలీ మీద రావడానికి భయపడేవాళ్లూ ఈ మాటే చెబుతుంటారు. ఈ జబ్బు గుట్టు విప్పిన వైద్యుడు కూడా మొదట నీళ్ల దగ్గరే పొరబడ్డాడు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని 1877లో చైనాలోని అమోయ్ రేవు పట్టణంలో ప్యాట్రిక్ మాన్సన్ కనిపెట్టాడు. అయితే ఆ దోమ నీళ్లలో పడి చచ్చిపోతుందనీ, ఆ నీళ్లు తాగినవాళ్లకి పురుగు సోకుతుందనీ అనుకున్నాడు. దోమ కుడుతున్నప్పుడే పురుగు పిల్లలు దాని తొండం దగ్గర్నుంచి మన ఒంట్లోకి దిగుతాయని 1900లో తేలింది. అమలాపురం కుళాయి నీళ్లు తాగినా, రాజోలు చెరువు నీళ్లు తాగినా బోదకాలు రాదు. ఆ నీళ్లు కాచి తాగాల్సిన కారణాలు వేరే ఉన్నాయి.

మరి డెల్టాలోనే ఎందుకింత ఎక్కువ? ఇక్కడ నేల పల్లం, మురుగు త్వరగా లాగదు. ఫైలేరియాను మోసే క్యూలెక్స్ దోమకు మురికి నీరంటేనే ఇష్టం. వీధి పక్క మురుగు కాలువ, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకు, పీచు కోసం కొబ్బరి డొక్కలు నానబెట్టే గుంట, ఇవి దాని పురిటిళ్లు. ‘‘పెరట్లో కొబ్బరి చిప్పలన్నీ బోర్లించాం, ఇంక మాకేం భయం’’ అనుకోకండి. చిప్పల్లోని వాననీటిలో పెరిగేది డెంగీ దోమ. దాన్ని ఆపడమూ అవసరమే గానీ, బోదకాలు దోమ కోసం సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి సన్నటి వల గుడ్డ కట్టాలి, మురుగు పారేలా చూడాలి, రాత్రి దోమతెరలో పడుకోవాలి.

‘‘తాతకుంది, తండ్రికొచ్చింది, ఇది మా వంశంలోనే ఉంది.’’

లేదు. తాతా మనవడూ ఒకే ఇంట్లో, ఒకే మురుగు పక్కన, ఒకే దోమల మధ్య పడుకున్నారు, అంతే. ముట్టుకుంటే అంటదు, కలిసి తింటే అంటదు, బిడ్డకు పాలిస్తే అంటదు. ఒక్క దోమ ఒక్కసారి కుట్టినంత మాత్రాన వచ్చేదీ కాదు. నెలల తరబడి, ఏళ్ల తరబడి పురుగున్న దోమలు కుడుతుంటే వస్తుంది. కాబట్టి బోదకాలున్న ఇంటి పిల్లకు సంబంధాలు చెడగొట్టడం అన్యాయం.

‘‘నా కాళ్లు శుభ్రంగా ఉన్నాయి, నాకెందుకు మాత్రలు?’’

అన్ని అపోహల్లోకీ ఎక్కువ నష్టం చేసింది ఇదే. కాలు వాచేది చివర్లో. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతికి, లక్షల్లో సూక్ష్మ పిల్లల్ని రక్తంలోకి వదులుతాయి. ఆ కాలమంతా చాలామందికి నొప్పుండదు, వాపుండదు. వాళ్లను కుట్టిన దోమ పక్కింటికి పురుగును మోసుకుపోతూనే ఉంటుంది. పైగా ఈ పిల్ల పురుగులు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి పదింటి నుంచి రెండింటి దాకా ఒంటి మీది రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి. క్యూలెక్స్ కుట్టేదీ రాత్రే. ఆరోగ్య సిబ్బంది రాత్రి ఎనిమిదిన్నర దాటాక టార్చిలైటుతో వచ్చి, వేలు పొడిచి, గాజు పలక మీద రక్తపు చుక్క పూసుకెళ్లేది అందుకే. అకాలంలో వచ్చారని తలుపేసుకోకండి, పగలు తీసిన చుక్కలో పురుగు కనపడకపోవచ్చు.

కాళ్లు బాగున్నవాళ్లూ మింగాల్సిన ఆ మాత్ర డీఈసీ (డైఇథైల్ కార్బమజీన్). దాన్ని 1947లో హెట్రజాన్ పేరుతో అమెరికాలోని లెడర్లీ సంస్థలో వెలికితీసింది యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధక బృందం. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు, రాజమండ్రిలో చదువుకున్నారు. మన గోదావరి మనిషి చేతిమీదుగా వచ్చిన మందును గోదావరి జనమే చూరులో దోపి పారేయడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

2004లో దేశంలో ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఏడాదికోసారి ఈ మాత్రలు పంచే కార్యక్రమం మొదలైంది. రెండు నుంచి ఐదేళ్ల వారికి వంద మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి రెండు, ఆపైన మూడు. తోడుగా ఒక ఆల్బెండజోల్. పరగడుపున వేసుకోకూడదు. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లు వేసుకోకూడదు. మింగిన రాత్రి కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. ‘‘మందు పడలేదు’’ అంటారు. చాలావరకు అది ఒంట్లో పురుగులు చస్తున్న గుర్తు. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే పీహెచ్‌సీకి వెళ్లాలి.

‘‘అమావాస్యకూ పున్నానికీ జ్వరం వస్తుంది, కాలు ఎటూ తగ్గదు.’’

గజ్జల్లో బిళ్ల కట్టి, కాలు ఎర్రబడి, వణికించే ఆ జ్వరానికి చంద్రుడితో పని లేదు. వేళ్ల సందుల్లో పాసిన చోటునుంచి, మడమ పగులునుంచి బాక్టీరియా లోపలికి పోవడమే కారణం. జ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావెక్కుతుంది. వాచిపోయిన కాలు మాత్రలతో మామూలు కాదన్నది నిజమే. జ్వరాలను ఆపడం మాత్రం ఇంట్లోనే సాధ్యం. రోజూ మామూలు సబ్బు, చన్నీళ్లతో కాలు కడగాలి. ముడతలు విడదీసి మరీ కడగాలి. వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో అద్ది పూర్తిగా ఆరనివ్వాలి. రుద్దితే తోలు లేస్తుంది. పాసిన చోట డాక్టరు రాసిన లేపనం రాయాలి. కూర్చున్నప్పుడు కాలు పీట మీద, పడుకున్నప్పుడు దిండు మీద ఎత్తులో ఉంచాలి. పొలానికైనా చెప్పుల్లేకుండా వెళ్లకూడదు. వాతలు పెట్టించడం, గాట్లు పెట్టి చెడురక్తం తీయించడం, పసరు కట్టడం బాక్టీరియాకు తలుపు తీసిపెట్టడమే.

మగవాళ్లు దాచుకునే వరిబీజం చాలాసార్లు ఈ పురుగు పనే. ఆపరేషన్ చేయించుకుంటే కాపురానికి పనికిరామన్న భయంతో ఏళ్ల తరబడి పంచె చాటున మోస్తుంటారు. చిన్న ఆపరేషనే, ప్రభుత్వాసుపత్రుల్లోనూ చేస్తారు. మగతనం పోదు.

ఈసారి ఆశా కార్యకర్త మాత్రలు పట్టుకొచ్చినప్పుడు ‘‘అక్కడ పెట్టి వెళ్లమ్మా’’ అనకండి. అన్నం తిని, ఆమె ఎదురుగానే మింగండి. ఇంట్లో అందరితోనూ మింగించండి.