మ్యాటు కింద ఏటుందో ఎత్తి చూసారా?

బండి కొన్న రోజు అందరం ఒకేలాగ చేస్తాం. కొబ్బరికాయ కొడతాం, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం, అద్దం మీద పైడితల్లమ్మ పేరో నీలమణి దుర్గమ్మ పేరో రాయిస్తాం. మర్నాడు వెనక బాడీలో ఏదో ఒక మ్యాటు పరిచీసి, ఇంక ఇనుముకి భయం లేదనుకుంటాం. ఆ మ్యాటు గురించే ఈ వారం నా మాట. వినడానికి చిన్న సంగతే గానీ, అందులో మీ ఐదేళ్ళ వాయిదాల కష్టం ఉన్నాది.

మన రెండు జిల్లాల్లో చదువు ఆపీసిన కుర్రోళ్ళకి ఉన్న దారులేటో అందరికీ తెలుసు. వీరావల్ పోయి బోటెక్కడం, హైదరాబాదు పోయి సెంట్రింగు పనిలో దిగడం, విశాఖలో కాంట్రాక్టు కూలీగా చేరడం. ఊరొదలకుండా బతుకుదామనుకున్నోడు అప్పు చేసి టాటా ఏసో, బొలెరో పికప్పో, దోస్తో తీసుకుంటాడు. ఆ బండే వాడికి పొలం. టైరు అరిగితే మార్చుకోవచ్చు, ఇంజిను నలిగితే చేయించుకోవచ్చు. బాడీ అడుగు కుళ్ళిపోయిందంటే మాత్రం అప్పు తీరకముందే బండి ధర పడిపోద్ది.

నాను చెప్పదలుచుకున్నది ఒక్కటే. సరుకు దెబ్బకి బాడీ సొట్టపడతాది, అంతే. బాడీని తినేసేది కింద నిలిచిపోయే నీరు. అందుకని మ్యాటు కొనేటప్పుడు అది ఎంత మందం, ఎంత మెరుపు అని కాదు, దాని కిందకి చేరిన నీరు ఎటు పోద్ది అని అడగాల. నీరు పోయే దారి లేని మ్యాటు కంటే ఉత్త బాడీయే నయం.

ఉప్పు చేసే పని

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, గాలి రెండూ తగలాల. ఆ నీటిలో ఉప్పు చేరిందంటే కరెంటు సులువుగా పారుతాది. తుప్పు పట్టడమంటే ఇనుములో జరిగే సన్న కరెంటు పనే కాబట్టి, ఉప్పునీరు తగిలితే అది పరుగందుకుంటాది.

ఉప్పుకి ఇంకో గుణం కూడా ఉన్నాది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని తనే నీరైపోద్ది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చడం చూసుంటారు కదా, అదే ఇది. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉన్నాది. తీరం గాలిలో రాత్రిపూట తేమ ఆ లెక్క దాటడం మామూలే. అంటే చేపల లోడు దించీసి కడగకుండా ఒగ్గేసిన బండి, పగలు ఎండకి ఆరినట్టే కనిపిస్తాది, రాత్రికి మళ్ళీ తడుస్తాది. చుక్క వాన పడకుండానే. ఇంక మ్యాటు కింద అయితే పగలు కూడా ఆరదు.

ఉప్పంటే నౌపడ ఉప్పు మూటలొక్కటే కాదు. భావనపాడు, బుడగట్లపాలెం, చింతపల్లి రేవుల్లో చేపల మీద వేసిన ఐసు కరిగి కారే నీరూ ఉప్పే. ఎరువుల లోడులో పొటాష్ మూట చిరిగితే ఆ గుండా ఉప్పు జాతే. పశువుల్ని ఎక్కిస్తే వాటి మూత్రం కూడా ఇనుముకి మంచిది కాదు.

ఏ లోడుకి ఏ మ్యాటు

షాపోడు "అన్నిటికీ పనికొస్తాది" అంటే నమ్మకండి. అన్ని లోడులకీ సరిపోయేది ఒక్కటీ లేదు.

రబ్బరు మ్యాటు: సరుకు జారనివ్వదు, దెబ్బ ఆపుతాది, చప్పుడు తగ్గిస్తాది. జీడిపిక్కల బస్తాలు, బియ్యం, సిమెంటు, కిరాణా వేసేవాళ్ళకి ఇదే మేలు. ఫ్యాక్టరీల్లో వాడి తీసేసిన కన్వేయర్ బెల్టు ముక్క దొరికినా చాలు, గట్టిగా పనిచేస్తాది. అతికించకుండా ఎత్తడానికి వీలుగా ఉండాల. డీజిలు, ఇంజినాయిలు పడితే మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడిపోద్ది, అది గుర్తుంచుకోండి.

ప్లాస్టిక్ తొడుగు: బాడీ ఆకారంలో పోతపోసి వస్తాది. తేలిక, కడగడం సులువు, ఉప్పు దాన్ని ఏమీ చెయ్యలేదు. ప్లాస్టిక్‌కి ఏమీ అవదు, దాని కింద ఇనుముకే అవుద్ది. అంచుల్లోంచి నీరు, ఇసుక దూరతాయి. బండి కుదుపులకి ఆ ఇసుక ఉప్పుకాగితంలాగ రంగుని గీకీస్తాది. రంగు పోయిన చోట తుప్పు మొదలు. పైగా ప్లాస్టిక్ నున్నగా ఉంటాది, బ్రేకు కొడితే లోడంతా జారి క్యాబిన్ వెనక గుద్దుద్ది.

ప్లైవుడ్డు: కొబ్బరికాయలకీ, కూరగాయలకీ, ఇంటి సామాన్లకీ బాగుంటాది. మామూలు ప్లై తడి పీల్చి ఇనుముకి తడిగుడ్డ చుట్టినట్టు అవుద్ది. వేస్తే మెరైన్ ప్లై వెయ్యండి, కోసిన అంచులకి కూడా రంగు పట్టించండి. తడి లోడులకి మాత్రం వొద్దు.

గళ్ళ ఇనప రేకు: రాయి, ఇటుక, ఇసుక, తుక్కు వేసేవాళ్ళకి ఇది తప్పదు. పార గీతకీ, రాయి దెబ్బకీ ఆగేది ఇదొక్కటే. చేపల బండికి మాత్రం ఇది పనికిరాదు. పాత రేకు మీద కొత్త రేకు వేసి వెల్డింగు కొడితే రెండిటి మధ్యన సన్న సందు మిగులుతాది. అందులోకి దూరిన ఉప్పునీరు ఇంక బయటకి రాదు. వెల్డింగు వేడికి అడుగున రంగు కూడా కాలిపోద్ది. తుప్పు పట్టదు కదా అని అల్యూమినియం రేకు పరిచే వాళ్ళున్నారు. రెండు వేరే లోహాలు ఉప్పునీటిలో తగులుకుంటే ఒకటి బేగి తినేయబడుద్ది. ఇనుమూ అల్యూమినియమూ కలిస్తే పోయేది అల్యూమినియమే. మధ్యన రబ్బరు షీటు వేస్తే ఆ తగులు ఉండదు.

స్ప్రే పూత: పాలీయూరియా లాంటి మందుని వేడి మీద కొట్టి, బాడీకి అంటుకుపోయేలాగ చేస్తారు. మధ్యన సందే ఉండదు కాబట్టి నీరు నిలవదు. తడి లోడులకి అన్నిటికంటే మంచిదిదే, ఖరీదూ దీనికే ఎక్కువ. ఒక షరతు ఉన్నాది. ముందు రేకుని బాగా రుద్ది, తుప్పు, జిడ్డు పూర్తిగా తీసీసి అప్పుడు కొట్టాల. తుప్పు మీదే కొట్టీసారంటే పైన నల్లగా నిగనిగలాడతాది, లోపల తినేస్తానే ఉంటాది.

గోనె సంచులు, కొబ్బరిపీచు చాపలు: లోడు కింద ఆ పూటకి వేసి తీసీండి. తడి గోనె బాడీలో ఒగ్గేయడమంటే తుప్పుకి పక్క వేసినట్టే.

చేపలోళ్ళకి ఇంకో మాట. మ్యాటు కంటే ముందు పెట్టెలకి డబ్బు పెట్టండి. కారని ఐసు పెట్టెల్లో సరుకు వేస్తే ఉప్పునీరు బాడీ మీద పడేదే తక్కువ. చేపా చెడదు, బండీ చెడదు, వెనక మోటారు సైకిల్ మీద వచ్చేవాడి మొహం మీద ఆ నీరూ పడదు.

బరువు లెక్క కట్టారా?

టాటా ఏస్ లాంటి చిన్న బండి బాడీ సుమారు 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. అంటే 35 చదరపు అడుగులు. 3 మిల్లీమీటర్ల ఇనప రేకు అడుగుకి పరిస్తే 76 కిలోలు దాటుతాది, గళ్ళుంటే ఇంకొంచెం ఎక్కువ. 8 మిల్లీమీటర్ల రబ్బరు అయితే 35 నుంచి 40 కిలోలు. 12 మిల్లీమీటర్ల పొడి ప్లై 25 కిలోల దగ్గర. 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ 10 కిలోలకి లోపు.

ఆ బండి మోసే బరువే ముప్పావు టన్ను దగ్గర. ఇనప రేకు వేసారంటే అందులో పదో వంతు మీరే ముందుగా ఎక్కించీసినట్టు. ప్రతి ట్రిప్పుకీ ఆ 76 కిలోలకి డీజిలు మీదే, కిరాయి మాత్రం ఎవడూ ఇవ్వడు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్ ప్రకారం ఓవర్‌లోడుకి 20,000 రూపాయల జరిమానా, దాని మీద అదనపు టన్నుకి 2,000. కాటా మీద రేకు బరువుని ఎవరూ మినహాయించరు.

ప్రాణం సంగతి

1998లో అమెరికాలో కార్మికుల ఆరోగ్యం మీద పనిచేసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ ఒక హెచ్చరిక ఇచ్చింది. ప్లాస్టిక్ తొడుగున్న పికప్పు బాడీలో డబ్బా పెట్టి, అందులోనే పెట్రోలు పోస్తుంటే మంటలు లేచాయి. పెట్రోలు పారేటప్పుడు స్థిర విద్యుత్తు పుడతాది. డబ్బా నేల మీద ఉంటే అది భూమిలోకి పోద్ది. ప్లాస్టిక్ మీద ఉంటే దారి లేక నిప్పురవ్వై లేస్తాది. మందు కొట్టే మిషన్లకీ, నీటి మోటార్లకీ డబ్బాల్లో పెట్రోలు పట్టుకొచ్చేది మన కుర్రోళ్ళే కదా. బంకులో డబ్బాని బండి దించండి, నేల మీద పెట్టి పోయించండి, మూత బిగించి అప్పుడు ఎక్కించండి. ప్లాస్టిక్ మీదైనా రబ్బరు మీదైనా ఇదే పద్ధతి.

రెండోది, మనుషులు. నాట్లకీ, కోతలకీ, జీడి తోటలకీ కూలోళ్ళు ఈ బళ్ళ మీదే పోతన్నారు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం ఉన్నాది, ప్రమాదమైతే బీమా దగ్గర కూడా చిక్కే. బస్సు రాని ఊళ్ళలో ఈ పరిస్థితి ఎందుకొచ్చిందో వేరే రాయాల. ఇప్పటికి ఇంతే చెప్తాను: తడిసిన ప్లాస్టిక్ మీద ముసలమ్మ కాలు జారితే అడ్డం పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అలాంటి బాడీలో మనిషిని నిలబెట్టకండి.

బిగించే ముందు, బిగించాక

మ్యాటు వెయ్యకముందు ఒక బిందె నీరు బాడీలో పోసి చూడండి. చాలా బళ్ళ అడుగు రేకుకి పొడుగునా గాడులుంటాయి. ఆ గాడుల్లోంచి నీరు వెనక డోరు వైపు పోవాల, ఉన్న చిల్లులు మట్టితో పూడిపోకుండా ఉండాల. మ్యాటు వేసాక మళ్ళీ ఒక బిందె పోయండి. పోసిన నీరు బయటకి రాకపోతే ఆ మ్యాటు పనికిరాదు, డబ్బు ఇవ్వకముందే చెప్పీండి.

గీతలు పడ్డ చోట తుప్పు గీకీసి రెడాక్సైడో ఎపాక్సీ ప్రైమరో వేసి, రెండు చేతులు రంగు పట్టించండి. మ్యాటు వేసేది దాని తర్వాతే. చిల్లు పొడిస్తే ఆ చిల్లు అంచుకి కూడా రంగు వెయ్యాల. వెల్డింగు తప్పనిసరి అయితే ముందు బ్యాటరీ వైరు తీయించండి. 2020 ఏప్రిల్ నుంచి వస్తన్న బీఎస్ 6 బళ్ళలో ఎలక్ట్రానిక్ పెట్టెలు ఎక్కువ, వెల్డింగు కరెంటుకి అవి పోతే రేకు ఖర్చు కంటే ఆ ఖర్చే పెద్దది. కంపెనీ వారంటీ ఏటి చెప్తందో బండి బుక్కులో చదివి, అప్పుడు డ్రిల్లు పెట్టనివ్వండి.

తర్వాత పని వారానికి ఒక్కసారి. మ్యాటు ఎత్తండి, మంచినీళ్ళతో కడగండి, ఎండలో ఆరబెట్టండి. చేపలు, ఉప్పు వేసే బండికైతే లోడు దించిన ప్రతిసారీ కడుగుడే. బోరు నీరు ఉప్పగా ఉన్న తీరం ఊళ్ళలో దాంతో కడిగితే ఉప్పు మీద ఉప్పు రాసినట్టే.

పాత బండి కొంటన్నవాళ్ళకి నాను చెప్పే మొదటి మాట కూడా ఇదే. ఇంజిను చప్పుడు వినకముందే మ్యాటు ఎత్తమనండి. మూలల్లో, గాడుల్లో స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. కొత్త మ్యాటు వేసిన పాత బండి కనిపిస్తే ఇంకొంచెం ఎక్కువ అనుమానించండి. అమ్మేవాడు ఎత్తనివ్వకపోతే మీకు జవాబు దొరికినట్టే.

ఆఖరిగా, ఇది ఒక్కొక్కడి బిందెతో తీరిపోయే పని కాదు. రేవు కట్టేటప్పుడు కాంక్రీటు గురించి మాట్లాడతారు, లైట్ల గురించి మాట్లాడతారు. చేపలు మోసే బళ్ళు కడుక్కోవడానికి మంచినీటి కొళాయి, ఆ నీరు పోవడానికి కాలవ కూడా అడగాల. బళ్ళోళ్ళు పదిమంది సంతకాలు పెట్టి పంచాయతీలో ఒకటి, మత్స్యశాఖ ఆఫీసులో ఒకటి ఇవ్వండి. బండి అప్పు మీ పేరు మీదే ఉన్నాది. కొళాయి అడిగే హక్కూ మీదే. ఈ ఆదివారం మ్యాటు ఎత్తి చూసాక ఆ కాగితం మీద సంతకాలు మొదలెట్టండి.