రహదారుల రద్దీ: లాస్ ఏంజెలిస్ కౌంటీ దృష్టాంతము

బండ్లు విస్తారమైనచో బాట నిండుననుట యెల్లరు నెరిగిన సంగతియే. కాని యే వేళ, ఏ తావున, ఏ కారణమున నిండునో విచారించినచో నది గణితమునకును, భూగోళమునకును, మానవస్వభావమునకును సంబంధించిన విషయమని తెలియగలదు. కావున మోటారుబండ్లకు లోకప్రసిద్ధి గాంచిన యొక ప్రదేశమును దృష్టాంతముగ గైకొని, మన విద్యార్థులకు బోధపడునట్లు కొంత వివరింప బూనితిమి.

అమెరికా సంయుక్తరాష్ట్రములలో పసిఫిక్ మహాసముద్రతీరమున కాలిఫోర్నియా రాష్ట్రము గలదు. అందలి లాస్ ఏంజెలిస్ కౌంటీ మన జిల్లావంటి పరిపాలనా విభాగము. దీని భూవైశాల్యము 4,000 చదరపు మైళ్లకు మించినది. 2020వ సంవత్సరపు జనాభా లెక్కలలో నిచ్చటి జనసంఖ్య కోటికి పైబడెను. ఆ దేశమున నింత జనము గల కౌంటీ మరియొకటి లేదు. దీనియందు స్వపరిపాలన గల పట్టణములు 88 యున్నవి.

ఇరువదవ శతాబ్ద ప్రారంభమున నీ ప్రాంతమునకు విద్యుత్తు రైళ్లే ప్రధాన వాహనములు. పసిఫిక్ ఎలక్ట్రిక్ అను కంపెనీవారి పట్టాలు 1,000 మైళ్లకు మించి వ్యాపించియుండెను. మోటారుకారులు పెరిగినకొలది నవి క్షీణించి, 1961లో వాని చివరి మార్గమును నిలిచిపోయెను. ఈలోపుగ 1940 డిసెంబరు 30వ తేదీన అర్రోయో సెకో పార్క్‌వే యను నూతన రహదారి తెరువబడెను. అటుపిమ్మట ‘ఫ్రీవే’లనబడు పెద్దరహదారులు నలుదెసల నిర్మింపబడెను. వీనికి అడ్డువీధులు గాని, ఎఱ్ఱదీపములు గాని యుండవు. ఒక దారిని దాటవలసిన మరియొక దారి వంతెనమీదుగనో, క్రిందుగనో పోవును.

ఈ దారులపై పోవు బండ్ల నెవరు లెక్కించెదరని విద్యార్థులు ప్రశ్నింపవచ్చును. బాట పైపొరయందు తీగచుట్టలను పాతిపెట్టి, వానిలో విద్యుత్తును ప్రవహింపజేయుదురు. లోహమయమగు బండి పైగా పోయినప్పుడు తీగచుట్టయొక్క విద్యుద్గుణము మారును. యంత్ర మామార్పును గ్రహించి యొక బండిగా లెక్కవేయును. సంవత్సరపు మొత్తమును 365చే భాగింప వచ్చినది దినసరి సగటు. 405వ నంబరు ఫ్రీవేపై గొన్ని తావుల నీ సగటు సుమారు 3 లక్షలు.

అయినను సగటు సంఖ్యవలన రద్దీ తెలియదు. ఆ 3 లక్షల బండ్లును 24 గంటలకు సమానముగ పంచబడినచో గంటకు 12,500 మాత్రమే; రెండు దిశలకును బంచిన నొక్కొక దిశకు 6,250. ఇంతమాత్రమున బాట చిక్కుపడదు. చిక్కంతయు జను లొక్కమారుగ బయలుదేరుటలో నున్నది. మన పాఠశాలద్వారము దినమంతయు ఖాళీగనే యుండును. సాయంకాలపు గంట మ్రోగిన యైదు నిమిషములు మాత్రము త్రోపులాట కలుగును. ద్వారము చిన్నదని నిందించుట సులభము, కాని యందఱకు నొకే గంట మ్రోగుట యసలు కారణము.

లాస్ ఏంజెలిస్‌నం దిట్టి గంట దినమునకు రెండుమారులు మ్రోగునట్లున్నది. ఉదయము పనులకు బోవు వేళ నొకటి, సాయంకాలము తిరిగివచ్చు వేళ నొకటి. రెంటిలో సాయంకాలమే యెక్కువ కష్టము; ఏలయన నప్పుడు ఉద్యోగులతోపాటు అంగళ్లకును, బంధువుల యిండ్లకును బోవువారు చేరుదురు. శుక్రవారము సాయంకాలము మిక్కిలి యిక్కట్టు. ఆదివారము ప్రొద్దుట దారులు తేలికగ నుండును.

కాలమువలెనే స్థలమును రద్దీకి గారణమగును. సాన్ ఫెర్నాండో లోయకును, సముద్రపువైపు పేటలకును నడుమ సాంటా మోనికా కొండ లడ్డుగ నున్నవి. వీనిని దాటు త్రోవలు కొలదిగ నుండుటచే బండ్లన్నియు సెపుల్వెడా కనుమలోని 405వ దారినే యాశ్రయించును. చెరువునీ రెంతయున్నను తూములో బట్టినంతయే బయటికి వచ్చునుగదా! ఉత్తరమున సాన్ గేబ్రియల్ పర్వతముల కావల నున్న పామ్‌డేల్, లాంకాస్టర్ పట్టణములలో నిండ్ల వెల తక్కువ. కావున ననేకు లచ్చట కాపురముండి, పనికై యఱువది మైళ్లకు పైగ ప్రయాణము చేయుదురు. అచ్చట ఉదయమున దక్షిణముఖముగను, సాయంకాలమున ఉత్తరముఖముగను బాట నిండును. దక్షిణమున లాస్ ఏంజెలిస్, లాంగ్ బీచ్ రేవులనుండి సరుకులు గొనిపోవు లారీలు 710వ దారిని నింపుచుండును.

ఇక గణితము చూతము. ముందుబండికిని వెనుకబండికిని రెండు సెకండ్ల యెడముండవలెననుకొన్నచో, గంటకు 3,600 సెకండ్లు గనుక నొక వరుసలో 1,800 బండ్లు పోవును. ఆరు వరుసలలో 10,800 పోవును. ఒక గంటలో 12,000 బండ్లు వచ్చినవనుకొందము. గంట ముగియునప్పటికి 1,200 బండ్లు నిలిచిపోవును. వరుసకు 200 బండ్లు. బండికి 25 అడుగుల చోటు కావలెనన్నను వరుస 5,000 అడుగులు, అనగా నించుమించు మైలు పొడవగును. మఱుసటి గంటయు నట్లే యైనచో నీ తోక రెట్టింపగును. వచ్చిన బండ్లలో పదింట నొకటి మాత్రమే యధికమైనది, కష్టము మాత్రము వేలమందికి గలిగినది. తొమ్మిదిమంది కూర్చుండు బల్లపై పదియవవాడు చేరినచో పదిమందికిని ఇరుకగునుగదా!

అడ్డేమియు లేకయే బండ్లు నిలిచిపోవుటయు గలదు. 2008లో జపాను శాస్త్రజ్ఞులు 230 మీటర్ల గుండ్రని బాటపై 22 కారులను సమవేగముతో నడుపుడని చెప్పి పరీక్షించిరి. కొంతసేపటికి నెవ్వరు నాపకయే యొకచో బండ్లు గుమిగూడి నిలిచెను. ఆ చిక్కు అలవలె వెనుకకు సాగిపోయెను. ఒకడు కొంచెము వేగము తగ్గించిన వెనుకవాడు మఱికొంత తగ్గించును. ఇట్లు పెరిగి పెరిగి చివరివాడు పూర్తిగ నాగవలసివచ్చును.

అట్లయిన బాటను వెడల్పు చేయరాదా యని యడుగుదురు. 405వ దారిలో 2009 మొదలు 2014 వఱకు నూరుకోట్ల డాలర్లకు పైబడి వెచ్చించి, ఉత్తరదిశగ పది మైళ్లు నొక వరుస చేర్చిరి. రద్దీ నిలుచు వ్యవధి కొంత తగ్గెను గాని, సాయంకాలపు ప్రయాణకాలమున గలిగిన లాభము స్వల్పము. బాట విశాలమైనదని విని, వేఱు దారులను, వేఱు వేళలను బోవువారందఱు దానినే చేరుటయే కారణము. ఆంథొనీ డౌన్స్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 1962లోనే యీ సూత్రమును వివరించెను.

కాని జనుల నడవడి మారినచో ఫలము వేగముగ గనుపడును. 1984లో నచ్చట ఒలింపిక్ క్రీడలు జరుగునప్పుడు పట్టణము స్తంభించిపోవునని యెల్లరు భయపడిరి. కార్యాలయములవారు పనివేళలను మార్చుకొనిరి; లారీలు కొన్ని రాత్రివేళ నడచెను; ప్రేక్షకులకై బస్సు లేర్పడెను. క్రొత్తబాట యొక్కటియు వేయకయే బండ్లు సాఫీగ సాగెను. క్రీడలు ముగిసి పాతవాడుకలు మరల రాగా రద్దీయు మరలివచ్చెను.

ఈ విషయమును కేవలము కాలహరణముగ నెంచరాదు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు పండ్రెండు ఊళ్లలోని 3,600 మందికి పైగ బాలబాలికలను ఎనిమిదేండ్లు పరీక్షించి, ఫలితములను 2007లో ప్రకటించిరి. ఫ్రీవేకు 500 మీటర్లలోపల నివసించు పిల్లల ఊపిరితిత్తుల పెరుగుదల, 1,500 మీటర్లకు దూరముననున్నవారికంటె తక్కువగ నుండెను. అట్టి యిండ్లలో నివసించువారు తఱచు పేదలు. ఒకరి ప్రయాణపు పొగ వేఱొకరి బిడ్డ రొమ్మున జేరుచున్నదన్నమాట. పెద్దరహదారికి 500 అడుగుల లోపల క్రొత్తపాఠశాలలకు స్థలము గైకొనుటను కాలిఫోర్నియా 2003లోనే శాసనముచే గట్టుదిట్టము చేసెను. పొగ తగ్గింపు నియమములచే గాలి శుభ్రపడినకొలది పిల్లల ఊపిరితిత్తులు మెరుగుపడుచున్నవని అదే విశ్వవిద్యాలయమువారు 2015లో చూపుట సంతోషకరము.

అందుచే నచ్చటివారు పలువిధముల నుపాయములను బట్టిరి. 1990లో రైళ్లను మరల బ్రారంభించిరి. 2002లో రేవునుండి సరుకురైళ్లకై 20 మైళ్ల ప్రత్యేకమార్గ మేర్పఱచి, 200కు మించిన గేట్ల చిక్కును దొలగించిరి. 2012లో 110వ దారియందు రద్దీనిబట్టి సుంకము మారు వరుసలను దెఱచిరి. 2016లో రైళ్లకును, బస్సులకును, బాటలకును వలయు ధనమునకై ప్రజలే యోటువేసి తమపై నొక పన్నును విధించుకొనిరి.

విద్యార్థులారా! బాట యందఱి సొత్తు. నేను దానిపై జేరునప్పుడు నాకు గలుగు నాలస్యమునే నేనెఱుగుదును. నావలన వెనుకవారికి గలుగు నాలస్యము నాకు గానరాదు. కానరాని యా బాధను లెక్కలో జేర్చుటయే యీ శాస్త్రముయొక్క సారము. మీరు రేపు ఇంజనీర్లై బాటలు వేసినను, అధికారులై పాలించినను, బండి తోలుకొని జీవించినను, వెనుకనున్నవానిని మఱువకుడని మా హెచ్చరిక.