ముళ్ళు లేని జెముడు

ఆర్థర్ హెఫ్టర్ అంటే నాకు గౌరవం, కొంచెం భయం కూడా. నేను రైల్వే ప్రయోగశాలలో కందెన నూనెలూ నీళ్ళూ పరీక్షించి రిటైరైనవాణ్ణి. సీసాలో ఏముందో చెప్పడమే నా పని, సీసాలోది నోట్లో వేసుకోవడం కాదు. ఈ జర్మన్ రసాయనవేత్త ఆ పనే చేశాడు. పెయోటె అనే మెక్సికో జెముడులోంచి ఆల్కలాయిడ్లను విడివిడిగా తీసి, ఒక్కొక్కటే తన మీదే పరీక్షించుకున్నాడు. 1897 నవంబరు 23న వంతు వచ్చినదానితో, చదువుతున్న కాగితం మీద ఊదా, ఆకుపచ్చ మచ్చలు కనబడ్డాయి. కళ్ళు మూసుకుంటే తివాసీ అల్లికలు, ఆ తర్వాత పెద్ద పెద్ద మందిరాలు. మొక్కలో మాయ చేసేదేదో ఆ రోజు తేలింది. అదే మెస్కలిన్.

కలకత్తాలోని మా గార్డెన్ రీచ్‌కు జెముళ్ళు కొత్త కాదు. లాంచీలో హుగ్లీ దాటితే శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్, 1787లో పెట్టింది. సామర్లకోటలో తోట పెంచి, మొక్కలకు తెలుగు పేర్లు రాసుకున్న విలియం రాక్స్‌బర్గ్ 1793లో దానికి అధికారిగా వచ్చాడు. 1795లో కెప్టెన్ నీల్సన్ అనే ఆయన బ్రెజిల్ నుంచి కొచినీల్ పురుగులను కలకత్తా తెచ్చాడు. జెముడు మీద పెంచి ఎర్రరంగు అమ్ముకుందామని కంపెనీవారి ఆశ. వచ్చింది మేలుజాతి పురుగు కాదు. రంగు నాసిరకం, ఆకలి మాత్రం ఘనం. పెంచిన జెముడునే తినేసింది.

ఇప్పుడు జెముళ్ళు మేడల మీదికెక్కాయి. పక్కింటి కుర్రాడు కాలింపాంగ్ నుంచి తెప్పించి కుండీలు వరసగా పేర్చాడు. వాళ్ళమ్మది విజయనగరం. ఓ సాయంత్రం మెట్ల దగ్గర ఆపి, “మావయ్యగారూ, వీటిలో మత్తుంటుందటగా! పోలీసులు గానీ వస్తారా?” అంది. వెళ్ళి చూశాను. సగం అసలు కాక్టస్‌లే కావు. కొంచెం గిచ్చితే పాలు కారేవన్నీ యుఫోర్బియాలు, మన బొంతజెముడు జాతివి. ఆ పాలు కంట్లో పడకుండా చూసుకోమన్నాను, నిజమైన ప్రమాదం అదే కనుక. మిగిలినవి కాక్టస్‌లే. అయితే కాక్టస్‌లలో వందల జాతులున్నా, మెస్కలిన్ చెప్పుకోదగ్గంత ఉండేవి బహుకొద్ది: టెక్సస్ దక్షిణాన, మెక్సికో ఉత్తరాన పెరిగే పెయోటె, ఆండీస్ కొండల్లోని సాన్ పెద్రో, దాని దగ్గరి చుట్టాలు కొన్ని. పెయోటెకు ముళ్ళే ఉండవు. నేలకు అంటుకుని, తెల్లటి నూగు కుచ్చులతో, చిన్న గుండ్రటి మొక్క. చేదు విపరీతం.

నన్ను ఆకట్టుకునేది దాని వంటశాల. పప్పుల్లో, పాలల్లో ఉండే టైరోసిన్ అనే అమైనో ఆమ్లంతో మొక్క పని మొదలుపెడుతుంది. మన మెదడూ దానినుంచే డోపమైన్ చేసుకుంటుంది. పెయోటె కూడా డోపమైన్ దాకా మనతో నడిచి, అక్కడ దారి మళ్ళుతుంది. ఇంకో ఆక్సిజన్ తగిలించి, ఉన్న మూడు ఆక్సిజన్లకూ మూడు మిథైళ్ళు తొడుగుతుంది. అంతే తేడా! 1919లో వియన్నాలో ఎర్నెస్ట్ ష్పేట్ మొక్క లేకుండానే దీన్ని తయారుచేశాడు. పోలిక డోపమైన్‌దే అయినా, మెదడులో ఇది ప్రధానంగా పట్టుకునేది సెరటోనిన్ గ్రాహకాలను. ఎల్‌ఎస్‌డీ మైక్రోగ్రాముల్లో చేసే పనికి దీనికి వందల మిల్లీగ్రాములు కావాలి.

ముందు వచ్చేది స్వర్గం కాదు, వాంతి. కంటిపాపలు విప్పారుతాయి, రక్తపోటు పెరుగుతుంది, తర్వాత రంగులు. పది పన్నెండు గంటలదాకా వదలదు. కొందరికి ఆ గంటలు ఆనందం, కొందరికి నరకం. 1935లో ఇంజెక్షన్ చేయించుకున్న ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్‌కు తర్వాత చాలాకాలం పీతలు వెంటపడుతున్నట్టు అనిపించేది. 1953 మేలో 0.4 గ్రాములు పుచ్చుకున్న ఇంగ్లిష్ రచయిత ఆల్డస్ హక్స్‌లీకి పూలకుండీలోనూ, తన పంట్లాం మడతల్లోనూ సృష్టి రహస్యం కనబడింది. ఆ అనుభవం మీద ఆయన రాసిన పుస్తకం 1954లో వచ్చింది. ఆయన మిత్రుడు, మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి మాత్రం మందుతో సత్యం దొరుకుతుందన్న మాటను ఒప్పుకోలేదు. నా ఓటు కృష్ణమూర్తికే. పంట్లాం మడతల మీద అంత అందంగా రాయడం హక్స్‌లీ గొప్పే గానీ, మందు గొప్ప కాదు.

మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం మెస్కలిన్‌ను నిషిద్ధ పదార్థాల జాబితాలో పెట్టింది.

అయితే మెక్సికోలోని విశారికా జాతివారికి పెయోటె సరదా సరుకు కాదు, యాత్ర చేసి తెచ్చుకునే దైవం. టెక్సస్‌లోని ఒక గుహలో దొరికిన పెయోటె ముక్కలు 5,700 ఏళ్ళ నాటివని తేలింది. వాటిలో మెస్కలిన్ ఇంకా మిగిలే ఉంది. 1918లో ఒక్లహోమాలో నమోదైన నేటివ్ అమెరికన్ చర్చికి పెయోటె పవిత్ర ప్రసాదం. అడవిలో మొక్క కోతకు రావడానికి పదేళ్ళు దాటుతుంది. తల మాత్రం జాగ్రత్తగా కోస్తే వేరు మళ్ళీ చిగురిస్తుంది. పెరికితే పోయినట్టే. భూములు దున్నేసి, దొంగచాటుగా పెరికేసి ఇప్పుడు మొక్కే కరువైంది. అమెరికాలో ఇలాంటి పదార్థాల మీద చట్టం సడలించాలని ఉద్యమాలు ఊపందుకున్నప్పుడు, పెయోటెను మాత్రం ఆ జాబితాలో కలపవద్దని కోరినవాళ్ళలో ఆ చర్చివారే ముందున్నారు. పరిశోధనకు మొక్క అక్కర్లేదు కూడా. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వలంటీర్లకు ఇచ్చి చూస్తున్నది ప్రయోగశాలలో చేసిన మెస్కలినే.