గాలి లాగినంతే పెట్రోలు

1950లలో అమెరికాలో తిరిగిన షెవర్లే ట్రక్కుల్లో చాలావాటికి 235 క్యూబిక్ అంగుళాల ఇంజన్ ఉండేది. అంటే 3.9 లీటర్లు, వరసగా ఆరు సిలిండర్లు. ఆ ఆరింటికీ పెట్రోలు పంచేది ఒకే ఒక్క కార్బొరేటర్, రోచెస్టర్ మోడల్ బి. దానికి సెన్సర్లు లేవు, కంప్యూటర్ లేదు. అయినా ఖాళీ బండి పల్లానికి దిగుతుంటే ఎంత ఇవ్వాలో, నిండు లోడుతో ఘాటీ ఎక్కుతుంటే ఎంత ఇవ్వాలో దానికి తెలుసు. ఇంజన్ లాగే గాలే దానికి కబురు, ఆ గాలే దానికి బలం. కార్బొరేటర్‌ను మోటు వస్తువని తీసిపారేసేవాళ్లు ఈ సంగతి ఒక్కసారి ఆలోచించాలి.

కార్ల్ బెంజ్ 1886 నాటి బండిలో గాలిని పెట్రోలు మీదుగా పంపి ఆవిరి పట్టేవారు. తేలికపాటి భాగం ముందు ఆవిరైపోయి బరువైనది అడుగున మిగిలేది. మిశ్రమం ఒక తీరున ఉండేది కాదు. 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్, హంగరీలో డోనాట్ బాంకి, యానోష్ చోంకా దాదాపు ఒకే సమయంలో దారి మార్చారు. ఇరుకు గొంతులోంచి వెళ్లే గాలికి వేగం పెరుగుతుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఆ గొంతులో సన్నని గొట్టం పెడితే పెట్రోలు తనంతట తానే తుంపరగా లేస్తుంది. పక్క గిన్నెలో పెట్రోలు మట్టం నిలపడానికి ఫ్లోట్ ఉంటుంది, ఇంటిమీది నీళ్ల ట్యాంకులో బంతిలా. ఇప్పటికీ మూలసూత్రం ఇదే.

చిక్కల్లా ఆ ఒక్క గొట్టంతోనే. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. వేగం పెరిగేకొద్దీ ఆ గొట్టం, అంటే ఒంటి జెట్, అవసరానికి మించి పోస్తుంది. ఐడిలింగ్‌లో గొంతులో గాలి ఎంత నెమ్మదిగా పోతుందంటే, జెట్‌లోంచి చుక్క కూడా లేవదు. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే గాలి వెంటనే దూసుకొస్తుంది, బరువైన పెట్రోలు వెనకబడుతుంది. తర్వాతి దశాబ్దాల చరిత్రంతా ఈ లోపాలను ఒక్కొక్కటే పూడ్చుకుంటూ వచ్చిన కథ. వేగంలో మిశ్రమం చిక్కబడకుండా జెట్‌లోకి గాలి కలిపే రంధ్రాలు వచ్చాయి. ఐడిలింగ్‌కు, గాలిని అదుపు చేసే థ్రాటిల్ పలక కింద వేరే దారి, దానికో మిక్చర్ స్క్రూ. తొక్కుడుకు చిన్న పంపు. చలికి చోక్.

ట్రక్కుకు అన్నిటికన్నా ముఖ్యమైనది పవర్ పిస్టన్. మామూలు పరుగులో ఇంజన్ వాక్యూమ్ దాన్ని పైకి పట్టి ఉంచుతుంది. ఘాటీలో థ్రాటిల్ బాగా తెరుచుకుని వాక్యూమ్ పడిపోగానే స్ప్రింగ్ దాన్ని కిందికి నెట్టి అదనపు పెట్రోలుకు దారి తెరుస్తుంది. మిశ్రమం పదమూడుకు ఒకటి దగ్గరికి చిక్కబడి బలం వస్తుంది. మోడల్ బిలో పెట్రోలు గిన్నె గొంతు చుట్టూ ఉంటుంది కాబట్టి బండి ఎటు వాలినా జెట్ దగ్గర మట్టం పెద్దగా మారదు. ఎత్తుపల్లాల్లో తిరిగే బండికి ఇంతకన్నా తెలివైన అమరిక నాకు కనబడదు.

ఈ భాగాల్లో ఏది ఏ పని చేస్తుందో తెలిసినవారికే ట్యూనింగ్ చేతికొస్తుంది. చేతిలో స్క్రూడ్రైవరు ఉంది కదా అని ప్రతి జబ్బుకూ మిక్చర్ స్క్రూ తిప్పడం, రోగమొకటైతే మందొకటి వేయడమే. ముందు ప్లగ్గులు, సీబీ పాయింట్లు, టైమింగ్ సరిచూడాలి. కార్బొరేటర్ మీదికి నెట్టే తప్పుల్లో చాలావరకు అక్కడివే. ఇంజన్ బాగా వేడెక్కాలి, చోక్ పూర్తిగా తెరుచుకోవాలి. అప్పుడు ఇంజన్ ఆపి, స్క్రూను మెత్తగా, అడుగు తగిలేదాకా మాత్రమే బిగించాలి. గట్టిగా బిగిస్తే సూదిమొనకు గాడి పడుతుంది, ఆ తర్వాత అది ఏ సెట్టింగూ నిలుపుకోదు. అక్కణ్ణుంచి ఒకటిన్నర చుట్టు వదులు చేసి స్టార్ట్ చేయాలి.

మానిఫోల్డ్‌కు వాక్యూమ్ గేజ్ తగిలిస్తే ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాలు చూపిస్తుంది. వెయ్యి అడుగుల ఎత్తుకు ఒక అంగుళం చొప్పున తగ్గుతుంది. స్క్రూను పావు చుట్టు బిగించి ఆగాలి, వినాలి. పెట్రోలు చాలకపోతే ఇంజన్ వణుకుతుంది, మిస్సింగ్ వస్తుంది. ఎక్కువైతే శబ్దం బరువెక్కి సైలెన్సర్ దగ్గర వాసన కళ్లు మండిస్తుంది. గేజ్ సూది ఎక్కడ అన్నిటికన్నా పైకి లేచి నిలబడుతుందో స్క్రూకు అదే చోటు. ఐడిలింగ్ స్పీడు పెరిగితే దాన్ని తగ్గించి మళ్లీ మొదటినుంచి చూసుకోవాలి. స్క్రూ ఎంత తిప్పినా మార్పే లేకపోతే ఐడిల్ దారి పూడుకుపోయిందనో, ఎక్కడో ప్యాకింగ్ దగ్గర గాలి చొరబడుతోందనో అనుమానించాలి.

తొక్కగానే బండి తడబడితే పంపు చూడాలి. ఇంజన్ ఆపి గొంతులోకి తొంగిచూస్తూ లింకేజీ లాగితే, కదిలిన క్షణానే పెట్రోలు ధార పడాలి. ఏళ్లతరబడి షెడ్డులో ఉన్న ట్రక్కులో పంపు తోలు ఎండి ముడుచుకుపోయి ఉంటుంది.

ఇప్పటి పెట్రోలుతో ఇంకో మెలిక వచ్చింది. ఇథనాల్‌కు తొమ్మిది పాళ్ల గాలి చాలు. కాబట్టి ఇథనాల్ కలిసేకొద్దీ పాత జెట్ అదే కొలత పోసినా ఇంజన్‌కు తక్కువే పడుతుంది. మన దగ్గర ఇరవై శాతం కలిసిన పెట్రోలు పోయిస్తూ పాత అంబాసిడర్లు, పెట్రోలు జీపులు నడుపుతున్నవారికీ ఇదే లెక్క. స్క్రూ కాస్త వదులు చేస్తే ఐడిలింగ్ కుదురుతుందేమో గానీ, పరుగులో పనిచేసేది మెయిన్ జెట్, దాన్ని ఒక నంబరు పెద్దది వేయాల్సి రావచ్చు. అది తేల్చేది షెడ్డులో నిలబెట్టిన బండి కాదు. లోడు ఎక్కించి, ఎత్తు మీద థ్రాటిల్ తెరిచి కొంత దూరం నడిపి, అక్కడే ఇంజన్ ఆపి ప్లగ్గు విప్పి చూడాలి. పింగాణీ నల్లగా మసిబారితే పెట్రోలు ఎక్కువ, సున్నంలా తెల్లబడితే తక్కువ. లేత గోధుమరంగు ఉంటే జెట్ సరిపోయినట్టు.